కనుమ నాడు రూట్ 66 మీద

మా ఇంట్లో ఆదివారం రాత్రి ఎనిమిదైతే టీవీ కట్టేస్తారు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో అప్పుడు అదే ఆదివారం పొద్దున్న ఏడున్నర, మా తమ్ముడు నోట్లో బ్రష్ పెట్టుకునే వీడియో కాల్‌లోకి వచ్చేస్తాడు. ఫీనిక్స్ వాళ్ళకి ఎండాకాలం గడియారం ముందుకి తిప్పడం, చలికాలం వెనక్కి తిప్పడం లాంటి గోలేం లేదు కాబట్టి ఈ పన్నెండున్నర గంటల తేడా ఏడాది పొడుగునా ఇలాగే ఉంటుంది. మా అమ్మకి అమెరికా గురించి బాగా పట్టుబడిన లెక్క ఇదొక్కటే. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

జనవరిలో మేం వెళ్తున్నాం. నేనూ, మా ఆవిడా, నాలుగో క్లాసు చదివే మా పాపా, అమ్మా నాన్నా. వీసాలు వేసవిలోనే వచ్చేశాయి, పాపకి సంక్రాంతి సెలవులకి అటో వారం ఇటో వారం కలిపి స్కూల్లో బతిమాలుకున్నాం, తమ్ముడికి సరిగ్గా ఏడు రోజులు లీవు దొరికింది, ఆ ఏడు రోజుల్లో పెద్ద వ్యాను ఒకటి అద్దెకి తీసుకుని అక్కడి ఎడారంతా తిరిగొద్దాం అన్నది ప్లాను. మొన్న సిరిమానోత్సవం అయిన వారం నుంచి ఇదే పంచాయితీ మా డైనింగ్ టేబుల్ మీద నడుస్తోంది. విజయనగరంలో కూర్చుని ఆరిజోనా రోడ్ల గురించి కొట్టుకోవడం ఏంటి అని మీకు నవ్వు రావచ్చు గానీ మా నాన్న ఆర్టీసీ డ్రైవరు అని చెబితే సగం అర్థమైపోతుంది.

రిటైరై ఆరేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, అందులో చాలా ఏళ్ళు సాలూరు మీదుగా సుంకి ఘాటెక్కి కోరాపుట్ వైపు వెళ్ళే బస్సు. డీజిల్ ఆదా చేసినందుకు, అంటే వాళ్ళ భాషలో కేఎంపీఎల్, లీటరుకి ఇన్ని కిలోమీటర్లని, బాగా తెచ్చినందుకు, ఇచ్చిన స్టీల్ బిందె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, అందులో అమ్మ బియ్యం పోస్తుంది. ఆయన ముందు రోడ్డు మాటెత్తితే మనం ఓడిపోయినట్టే.

తమ్ముడు మొదట పంపిన ప్లాను చూస్తే కళ్ళు తిరిగాయి. ఫీనిక్స్‌లో బయల్దేరి సెడోనా, గ్రాండ్ కేనియన్, మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్ అనే ఊరు, బ్రైస్, జయాన్, లాస్ వేగస్, డెత్ వ్యాలీ, జాషువా ట్రీ, ఆ తర్వాత ఎక్కడో న్యూ మెక్సికోలో ఉన్న వైట్ సాండ్స్ కూడా, అన్నీ ఏడు రోజుల్లోనే. రంగురంగుల ఎక్సెల్ షీటు, ప్రతి ఊరికీ ఒక రంగు. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశారు. చూసి, "ఇందులో ఒంటేలుకి ఎక్కడ ఆపుతావురా?" అన్నారు.

అంతే, ఆ షీటు అక్కడితో క్యాన్సిల్.

మర్నాడు మూడు లాంతర్ల దగ్గర పుస్తకాల షాపులో ఒక లాంగ్ నోటుబుక్కు కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి అడ్డగీతలు నిలువుగీతలు కొట్టి, అచ్చం డ్యూటీ చార్టు లాగ తయారు చేశారు. తేదీ, బయల్దేరే ఊరు, టైము, కిలోమీటర్లు, నైట్ హాల్టు, డ్రైవరు. మైళ్ళు ఒప్పుకోరు, నేను ఫోన్‌లో చూసి మైళ్ళు చెబుతుంటే పక్కన 1.6 పెట్టి గుణించి కిలోమీటర్లు వేసుకుంటారు, క్యాలిక్యులేటర్ ఇస్తే తీసుకోరు.

అసలు గొడవంతా చలి దగ్గర మొదలైంది. ఎడారి అనగానే అమ్మ కాటన్ చీరలు తీసి ఇస్త్రీకి వేసింది. ఎడారంటే ఇసక, ఒంటెలు, ఎండ, అంతే కదా మన లెక్కలో. తమ్ముడు నవ్వి, "అమ్మా, స్వెట్టర్లు, మంకీ క్యాపులు తీయవే, గ్రాండ్ కేనియన్ దగ్గర రాత్రి మైనస్ ఎనిమిది దాకా పోతుంది" అంటే నమ్మలేదు. ఎడారి అంటే వానలు లేని చోటు అని తప్ప వేడిగా ఉండే చోటు అని కాదట. ఫీనిక్స్ ఉన్నది సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తులో, జనవరి మధ్యాహ్నం అక్కడ మన ఊళ్ళో డిసెంబర్ పొద్దున్న లాగ హాయిగా ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా రెండున్నర గంటలు పోతే ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు, అది 2,100 మీటర్ల పైన. మన అరకు 900 మీటర్లు అనుకోండి, దానికి రెండింతల కంటే ఎత్తు. గ్రాండ్ కేనియన్ అనే పెద్ద లోయ ఉంది కదా, దాని దక్షిణపు అంచు కూడా దాదాపు అంతే ఎత్తు. పైగా గాలిలో తేమ ఉండదు, మబ్బు ఉండదు, పొద్దు గూకగానే పగలు పట్టిన వేడంతా ఆకాశంలోకి పోతుంది. మనకి సముద్రం పక్కన ఉండి రాత్రి కూడా ఉక్కపోతే అలవాటు కాబట్టి ఒకే రోజులో పాతిక డిగ్రీల తేడా అంటే తలకెక్కదు.

నాన్నకి మాత్రం ఆ ఎత్తు మాట వినగానే ముఖం వెలిగింది. "అంటే ఘాటు రోడ్డన్నమాట" అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు గానీ తమ్ముడికి గానీ తట్టలేదు. "అక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తాది, ఎప్పుడు గూకుతాది?"

చూశాం. జనవరి మధ్యలో గ్రాండ్ కేనియన్ దగ్గర ఏడున్నర దాటాక సూర్యోదయం, ఐదున్నర దాటాక సూర్యాస్తమయం, మొత్తం వెలుతురు పది గంటలు. మన ఊళ్ళో చలికాలంలో కూడా పదకొండు గంటల పైనే ఉంటుంది. నోటుబుక్కులో మొదటి పేజీ పైన నాన్న ఎర్ర పెన్నుతో రాసిన రూలు ఇది: తొమ్మిదిన్నరకి ముందు బండి కదలకూడదు, సాయంత్రం ఐదుకి నైట్ హాల్టులో ఉండాలి. తమ్ముడు లబోదిబోమన్నాడు. "నాన్నా, అక్కడ రోడ్లు అద్దంలా ఉంటాయి, రాత్రి పదకొండుకి కూడా నేను డ్రైవ్ చేస్తాను" అన్నాడు. "అద్దంలా ఉంటాయనేరా నా భయం" అన్నారు.

ఆ అద్దం సంగతి నిజంగానే ఉంది, బ్లాక్ ఐస్ అంటారు. పగలు ఎండకి రోడ్డు పక్కన మంచు కరిగి తారు మీదకి నీళ్ళు పారతాయి, పొద్దు గూకాక అవే నీళ్ళు పల్చటి గాజు పొరలా గడ్డకట్టేస్తాయి, కింద తారు నల్లగా కనిపిస్తుంది కాబట్టి తడి రోడ్డు అనుకుని స్పీడు తగ్గించం. వంతెనల మీద అందరికంటే ముందు గడ్డకడుతుంది, ఎందుకంటే వంతెనకి పైనా కిందా కూడా చల్లగాలే, నేల మీద రోడ్డుకైతే అడుగున మట్టి వెచ్చదనం కాస్త ఉంటుంది. ఇది చెబుతుంటే నాన్న తలూపి, ఒక డిసెంబర్‌లో సుంకి ఘాట్లో పొగమంచుకి బస్సు పక్కకి పెట్టేసి గంటన్నర కూర్చున్న కథ చెప్పారు. ప్యాసింజర్లు తిట్టారట, పెళ్ళి ముహూర్తానికి పోతున్న ఒకాయన కిందకి దిగి టైరుని కాలితో తన్నాడట, ఈయన కదల్లేదు. మంచు విడిచాక చూస్తే పాతిక అడుగుల ముందు రోడ్డుకి అడ్డంగా లారీ ఒకటి పడుందట. ఈ కథ మేం చిన్నప్పటి నుంచి వింటున్నాం, అప్పుడు ఐదడుగులు ఉండేది, ఇప్పుడు పాతికయింది, పోన్లెండి.

అప్పుడు తమ్ముడు బయటపెట్టాడు. పోయిన జనవరిలో వీడూ మరదలూ చంటోడితో ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి దిగుతుంటే మంచు మొదలై, ముందు ఎక్కడో యాక్సిడెంట్ అయ్యి, హైవే మీద నాలుగు గంటలు ఆగిపోయారట. కార్లో అర బాటిల్ నీళ్ళు, ఒక్క డైపరు, పావు ట్యాంకు పెట్రోలు. హీటర్ వేస్తే పెట్రోల్ అయిపోతుంది, ఆపితే పిల్లోడు వణుకుతాడు. పది నిమిషాలు వెయ్యడం, పది నిమిషాలు ఆపడం, అలా గడిపారట. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఏడాది పాటు. అమ్మ ఫోన్ ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది, వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి, కోపమో ఏడుపో తెలీలేదు. నాన్న ఏమీ అనకుండా ఎర్ర పెన్నుతో రెండో రూలు రాశారు, ట్యాంకు సగానికి దిగకూడదు. దాని కింద నీళ్ళు, దుప్పట్లు, బిస్కెట్లు, డైపర్లు. ఇప్పుడు తమ్ముడు కూడా పొద్దున్నే ఆరిజోనా రోడ్ల వాళ్ళ ఏజెడ్ 511 సైటు చూశాకే బండి తీస్తానని ఒప్పుకున్నాడు.

పది గంటల వెలుతురు రూలు పెట్టాక ప్లాను దానంతటదే సన్నబడింది. వైట్ సాండ్స్ మొదట పోయింది, జాషువా ట్రీ, బ్రైస్ వెనకే పోయాయి. మాన్యుమెంట్ వ్యాలీ పోయినందుకు మాత్రం నాకు ఇప్పటికీ బాధే. నవాహో అనే అక్కడి మూలవాసుల నేల అది, మైదానం మధ్యలో ఎర్రటి కొండలు నిలువునా గోపురాల్లా ఉంటాయి, వాటి చుట్టూ 17 మైళ్ళ మట్టిరోడ్డు. కానీ పేజ్ నుంచి అటు రెండు గంటలు, తూర్పుకి పోయి మళ్ళీ పడమరకి రావాలి, నాన్న ఆ గీత చూసి "డెడ్ కిలోమీటర్లు" అని కొట్టేశారు. ఖాళీ బస్సు డిపోకి తిరిగొస్తే వాళ్ళు అలా అంటారు.

మిగిలిందేమిటంటే, మొదటి రోజు ఫీనిక్స్ నుంచి సెడోనా ఎర్రకొండలు చూసుకుంటూ ఫ్లాగ్‌స్టాఫ్, 240 కిలోమీటర్లు. రెండో రోజు గ్రాండ్ కేనియన్, 130 కిలోమీటర్లే, మిగతా రోజంతా అక్కడే. ఉత్తరపు అంచుకి పోయే రోడ్డు చలికాలం మూసేస్తారు, దక్షిణపు అంచు ఏడాదంతా తీసే ఉంటుంది. చలికాలం వెళ్ళడంలో ఒక లాభం ఉంది, హెర్మిట్ రోడ్డని అంచు వెంబడే పోయే రోడ్డొకటి, మిగతా నెలల్లో పార్కు బస్సెక్కాల్సిందే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం మన బండి తీసుకెళ్ళనిస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కి దిగే పని లేకుండా ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా బండి ఆపుకోవచ్చు. ఆ కేనియన్ 446 కిలోమీటర్ల పొడుగు, మైలు పైన లోతు, కొన్ని చోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు. అంటే ఇటు అంచు మన ఊరైతే అటు అంచు దాదాపు చీపురుపల్లి అన్నమాట, మధ్యలో అంతా గొయ్యి. పాప ఈ లెక్క విని "మరి నెల్లిమర్ల ఏమైపోయింది" అని అడిగింది.

మూడో రోజు అంచు వెంబడే తూర్పుకి పోయి, 1932లో మేరీ కోల్టర్ అనే ఆవిడ డిజైన్ చేసిన రాతి బురుజు చూసుకుని, కామెరాన్ మీదుగా పేజ్. సాయంత్రం ముందే హార్స్‌షూ బెండ్, కొలరాడో నది గుర్రపు నాడాలా మెలిక తిరిగే చోటు, 300 మీటర్ల పైనుంచి కిందకి చూడాలి. ఈ దారిలో ఎక్కువ భాగం నవాహో వాళ్ళ నేలే, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

నాలుగో రోజు పొద్దున్న ఆంటిలోప్ కేనియన్. దీని గురించి పాపకి చెప్పడం తేలికైపోయింది, "భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూశావు కదా, వాటిల్లో ఆ సందులు ఎలా ఉంటాయి, అలాంటివే రాతిలో" అన్నాను. అక్కడా ఇక్కడా చెక్కింది వాన నీళ్ళే. 1997 ఆగస్టులో కేనియన్ మీద పెద్దగా వానే లేదు, ఎక్కడో మైళ్ళ అవతల కురిసిన వాన ఒక్కసారిగా వరదై వచ్చి 11 మంది టూరిస్టుల్ని ముంచేసింది. ఇప్పుడు నవాహో గైడు లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. జనవరి ఆ రకం వానల కాలం కాదు గానీ ఇంకో తిరకాసు ఉంది, ఫోటోల్లో పైనుంచి పడే ఆ వెలుగు స్తంభాలు ఎండాకాలం సూర్యుడు నడినెత్తికొస్తేనే కనిపిస్తాయి, మనం వెళ్ళేసరికి ఉండవు. అయినా పర్లేదు, రాతి రంగు ఎక్కడికి పోతుంది. ఆంటిలోప్‌లో పైదీ కిందదీ అని రెండు, కింది కేనియన్‌లోకి నిలువు ఇనప మెట్లు దిగాలి, అమ్మ వల్ల కాదు, అందుకని పై కేనియన్‌కి టికెట్లు చూస్తున్నాం.

ఇక్కడే పండగ వచ్చి పడింది. తేదీలు వేసుకుంటూ పోతే భోగి సరిగ్గా ఈ నాలుగో రోజే. తమ్ముడి కొడుక్కి రెండేళ్ళు, వాడికి భోగిపళ్ళు పోసే ఏడాది ఇది, అమ్మ టిక్కెట్లు కొన్న రోజు నుంచి దాని కోసమే ఎదురుచూస్తోంది. హోటల్ రూములో భోగిమంట వేస్తే ఫైర్ అలారం మోగుతుంది, కాబట్టి మంట లేదు, రేగుపళ్ళు లేవు, వాటి బదులు బ్లూబెర్రీలు, చిల్లర పైసల బదులు సెంట్లు, ఇక్కడి నుంచి పట్టుకెళ్ళే చెరుకు ముక్కలు కస్టమ్స్ వాళ్ళు ఉంచరు గనక అవీ లేవు. బ్లూబెర్రీలకి అమ్మ ఎంత తేలిగ్గా ఒప్పుకుందో నాకు ఆశ్చర్యం. "గుండ్రంగా ఉంటే చాల్లే" అంది.

అసలు తుఫాను ఐదో రోజు దగ్గర లేచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పేజ్ నుంచి లాస్ వేగస్, 440 కిలోమీటర్లు, మొత్తం ట్రిప్పులో ఒక వైపు ప్రయాణంలో ఇదే పెద్ద నడక. వేగస్ ఉన్న నెవాడా గడియారం ఆరిజోనా కంటే గంట వెనక. తమ్ముడు ఉత్సాహంగా "నాన్నా, ఆ రోజు మనకి గంట కలిసొస్తుంది, కాస్త ఆలస్యంగా బయల్దేరినా పర్లేదు" అన్నాడు. నాన్న వాడివైపు జాలిగా చూసి, "నువ్వు గడియారం వెనక్కి తిప్పితే పొద్దు ఆగుతాదేటి?" అన్నారు. నాకైతే విజిల్ వెయ్యాలనిపించింది. కాబట్టి పేజ్‌లో పన్నెండింటికల్లా కదలడం, పులిహోర బండిలోనే తినడం, జయాన్ పక్క నుంచి పోతూ కూడా ఆగకపోవడం.

ఐదో రోజు వేగస్ నుంచి డెత్ వ్యాలీకి వెళ్ళి రావడం. పాప పట్టుబట్టింది దీనికోసం, ఆ పేరు చూసే. 1913 జూలైలో అక్కడ 56.7 డిగ్రీలు నమోదయింది, ప్రపంచ రికార్డు అది. జనవరిలో మాత్రం పద్దెనిమిది ఇరవై డిగ్రీలు, మంచు బెడద లేని రోజు మాకు అదొక్కటే. బ్యాడ్‌వాటర్ అనే చోట నేలంతా తెల్లటి ఉప్పు, సముద్రమట్టానికి 86 మీటర్లు కింద. నాన్నకి అది పట్టలేదు, సముద్రం కంటే కింద ఉంటే నీళ్ళు ఎందుకు రావు అని. మధ్యలో కొండలు అడ్డం, వచ్చిన కాస్త వాన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే ఎండిపోయి ఉప్పు మిగిలిపోతుంది అని చెబితే, "మన నౌపడ ఉప్పు మళ్ళ లాగ, కాపోతే దేవుడు కట్టినవి" అన్నారు. దానికంటే బాగా నేను చెప్పలేను.

కానీ ఐదో రోజంటే సంక్రాంతి. పెద్ద పండగ. మా వైపు ఆ రోజు పోయిన పెద్దలకి పెట్టుకోవాలి, కొత్త బట్టలు వాళ్ళ పేరు మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే మనం కట్టుకోవాలి. అలాంటి రోజున డెత్ వ్యాలీ! దాని అర్థం ఏంటని అమ్మ పాపనడిగింది, ఇంగ్లీషు మీడియం పిల్ల గడగడా చెప్పేసింది. "ఓలమ్మో, పండగ పూట చావులోయకి ఎల్తారేటి!" అని అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. 1849లో బంగారం కోసం పోతూ దారి తప్పిన వాళ్ళెవరో బయటపడుతూ పెట్టిన పేరట అది అని నేను సర్దబోతే ఇంకా ఎక్కువైంది. చివరికి నాన్నే అన్నారు, "పెద్దలు ఉండేది అలాంటి చోటే కదే, ఈసారి మనమే వాళ్ళ దగ్గరికి ఎల్తాం" అని. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. పొద్దున్న రూములో దణ్ణాలు పెట్టుకుని, పరమాన్నం బాక్సులో వేసుకుని వెళ్ళేట్టు రాజీ కుదిరింది. ఎలక్ట్రిక్ కుక్కర్ బ్యాగులో ఫస్ట్ ఐటెమ్.

ఖర్చుల గురించి క్లుప్తంగా చెప్తాను, ఆ టాపిక్ అంటేనే నాకు నీరసం. పార్కుల ఏడాది పాసు 2026 జనవరి నుంచి మారింది, అక్కడ ఉండేవాళ్ళకి 80 డాలర్లు, మనలా బయటి దేశం వాళ్ళకి 250. పాసు లేకపోతే గ్రాండ్ కేనియన్ లాంటి 11 పెద్ద పార్కుల్లో బయటి వాళ్ళకి పదహారేళ్ళు దాటిన మనిషికి 100 డాలర్లు ఎక్స్‌ట్రా. మేం నలుగురు పెద్దవాళ్ళం, కాబట్టి 250 ఖర్చులో రాసేశాను. ఆంటిలోప్ నవాహో వాళ్ళది, ఈ పాసు అక్కడ చెల్లదు, టికెట్ వేరే. హోటళ్ళు మాత్రం తక్కువకి వస్తుందని ఒక బుకింగ్ సైటులో డబ్బు వాపసు రాని రకం ఒకటి బుక్ చేసి, తర్వాత రూటు మారి, ఒక రాత్రి డబ్బులు నీళ్ళపాలు చేసింది నేనే. నాన్న చార్టు ఫైనల్ కాకుండా బుక్ చేసినందుకు నాకు పడాల్సిందే. ఇప్పుడన్నీ క్యాన్సిల్ చేసుకునేవే తీసుకుంటున్నాం, నాలుగు డాలర్లు ఎక్కువైనా.

ఇక ఆరో రోజు. వేగస్ నుంచి హూవర్ డ్యాము. నాన్నకి వేగస్ లైట్లు అక్కర్లేదు, ఈ డ్యాము కావాలి. 1930ల్లో కట్టింది, 221 మీటర్ల ఎత్తు. మన నాగార్జునసాగర్ 124 మీటర్లు, ఆ డ్యాము మీద ఎప్పుడో పుష్కరాల స్పెషల్ తోలినప్పటి నుంచి ఆయనకి డ్యాములంటే గురి. అక్కడి నుంచి కింగ్‌మన్, కింగ్‌మన్ నుంచి సెలిగ్‌మన్ దాకా పాత రూట్ 66. 1926లో వేసిన రోడ్డు, కొత్త హైవేలు వచ్చాక 1985లో లిస్టులోంచి తీసేశారు, కానీ ఈ 140 కిలోమీటర్ల ముక్క ఇంకా బతికే ఉంది. రెండు లేన్లు, పక్కన రైలు పట్టాలు, అడ్డం వచ్చే ఊళ్ళు చేతివేళ్ళతో లెక్కపెట్టొచ్చు. యూట్యూబ్‌లో ఎవరో కారు ముందు కెమెరా పెట్టి తీసిన వీడియో ఉంటే నాన్న రెండుసార్లు మొత్తం చూశారు, ఏమీ జరగని వీడియో అది, రోడ్డు వస్తూ ఉంటుంది అంతే.

ఆరో రోజు కనుమ అని గుర్తుచేసింది అమ్మ.

కనుమ నాడు కాకైనా కదలదు. ఈ విషయంలో మా అమ్మతో బేరాల్లేవు. మా అత్తగారింటికి పండగకి వెళ్ళినా కనుమ రోజు బయల్దేరనివ్వదు, ముక్కనుమ నాడు రావాల్సిందే. అలాంటిది 300 కిలోమీటర్లు, అదీ పిల్లాడితో. వేగస్‌లో ఇంకో రాత్రి ఉందామా అంటే తమ్ముడికి లీవు లేదు. రెండు ఆదివారాలు దీని మీదే గడిచాయి. నాన్న ఒక్కసారే నోరు విప్పారు, "ముప్పై నాలుగేళ్ళు ప్రతి కనుమకీ డ్యూటీ చేశాను, ఆ రోజు బస్సు నిండా జనమే, కాకులు కదలవు గానీ మనుషులు మానేశారేటి?" అన్నారు. "నువ్వు డ్యూటీకి పోయిన కనుమలన్నీ నాను గుమ్మంలో కూకున్నాను, అది నీకేటి తెలుసు" అంది అమ్మ. ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు కాసేపు. తమ్ముడు కూడా ఫోన్‌లో పక్కకి చూస్తూ కూర్చున్నాడు.

దారి చూపించింది మా ఆవిడ. వంటింట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అత్తయ్యా, కనుమ ఇక్కడి లెక్కా అక్కడి లెక్కా?" అని అడిగింది. ఇక్కడి లెక్కే అంది అమ్మ, పంచాంగం మనదే కదా. "అయితే ఇక్కడ రాత్రి పన్నెండు కొట్టేసరికి అక్కడ ఇంకా పగలే కదా" అంది. అమ్మకి పట్టుబడిన లెక్క అదొక్కటే అని మొదట్లోనే చెప్పాను. వేళ్ళు మడిచి చూసుకుంది. ఇక్కడ అర్ధరాత్రి అంటే ఆరిజోనాలో పగలు పదకొండున్నర, వేగస్‌లో పదిన్నర. "పదిన్నర దాటాక కదలండి, ముక్కనుమ వచ్చేస్తాది" అని తీర్పు ఇచ్చేసింది. నాన్న వెంటనే పెన్ను తీసి ఆరో రోజు టైము తొమ్మిదిన్నర కొట్టేసి పదిన్నర వేశారు, ఆ రోజు గడియారం గంట ముందుకి దూకుతుంది అది వేరే, డ్యాము దగ్గర ముప్పావుగంటే, అయినా పొద్దు ఉండగానే సెలిగ్‌మన్ చేరిపోతాం అని లెక్క తేల్చారు. మర్నాడు ఫీనిక్స్. మొత్తం రెండు వేల కిలోమీటర్లు.

అందరూ పడుకున్నాక ఆ నోటుబుక్కు ఫోటో తీసి తమ్ముడికి పంపుదామని తెరిచాను. డ్రైవరు అన్న గడిలో ఏడు రోజులూ తమ్ముడి పేరే ఉంది. ఆరో రోజుని మాత్రం రెండు వరసలుగా విడగొట్టారు. వేగస్ నుంచి కింగ్‌మన్, తమ్ముడు. కింగ్‌మన్ నుంచి సెలిగ్‌మన్, 140 కిలోమీటర్లు, ఆ గడిలో నాన్న సంతకం, దాని కింద ఆర్టీసీలో ఆయన స్టాఫ్ నంబరు.

పొద్దున్న అడిగితే, "ఆ వ్యాను కేఎంపీఎల్ ఎంతిస్తాదో చూద్దామని" అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. తమ్ముడు కాసేపు గొణిగాడు, అద్దె వ్యానుకి రెండో డ్రైవరు పేరు రాయిస్తే రోజుకి ఇంత అని వేస్తారు, ఇన్సూరెన్స్ చూడాలి, అక్కడ కుడివైపు నడపాలి, గేర్లుండవు, ఎడం కాలికి పనుండదు అని. చివరికి సరే అన్నాడు.

బుధవారం ఇంటర్నేషనల్ పర్మిట్ కోసం ఆర్టీవో ఆఫీసుకి నా స్కూటీ మీద తీసుకెళ్ళాను. వెయ్యి రూపాయల ఫీజు, పాస్‌పోర్టు, వీసా, ఫోటోలు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుండెకి అదుముకుని కూర్చున్నారు. తిరిగొస్తుంటే మయూరి జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. వెనక నుంచి నా భుజం మీద చిన్నగా తట్టుడు మొదలైంది, ఎందుకా అని అద్దంలో చూస్తే, నాన్న కళ్ళు మూసుకుని కుడిచెయ్యి నా కుడిభుజం మీద వేసి, "ఇటు… ఇటు… ఇటే ఉండాలి" అనుకుంటున్నారు. ఎడం కాలు మాత్రం ఫుట్‌రెస్టు మీద క్లచ్ తొక్కుతూనే ఉంది.